వంద మేకల మామగారు

ఈ ఉదయం మందుల షాపుకు బయలుదేరుతుంటే, వెనక నుంచి నాకు పార్కా, అదే చలికోటు, తొడుగుతున్న మా ఆవిడ ఉన్నట్టుండి ఆగిపోయింది. ఆమె వేళ్ళు స్వెట్టర్ మీదుగా నా వెన్నుపూసలు తడుముతూ దిగి, మళ్ళీ పైకి వచ్చి ఒకచోట నిలిచిపోయాయి. ఆ వేళ్ళకు ఆ విద్య ఎక్కడ అబ్బిందో మా ఇద్దరికీ తెలుసు. విన్నిపెగ్ నగరం దాటాక వచ్చే మా అల్లుడి పొలంలో, ఒక చూడి మేక వీపు మీద.

నేను వంతెనలు కట్టిన ఇంజనీరుని. ఈ మానిటోబా రాష్ట్రంలో సగం వంతెనలు నావేనని చెప్పుకుంటూ ఉంటాను. నిజానికి మూడే, అందులో ఒకటి కల్వర్టు. కంప్యూటర్ ఉద్యోగం చేసుకునే మా అల్లుడు పల్లెలో కాస్త నేల కొని మేకల్ని పెట్టిన కొత్తలో, భోజనాల దగ్గర వాటి గురించి వీడియోల్లో చూసిందంతా చెబుతుంటే నాకు ఉండబట్టలేదు. "మా ఇంట్లో వంద మేకలుండేవి బాబూ, వాటి మధ్యే పెరిగాను" అనేశాను. పప్పు వడ్డిస్తున్న మా ఆవిడ గరిటె గాల్లో ఆపి నా వైపు ఒక చూపు చూసింది. అల్లుడి ముందు మొగుడి పరువు తీయడం ఎందుకని కాబోలు, ఊరుకుంది.

అబద్ధం చెప్పినా అతికినట్టుండాలంటారు. నాది మరీ గట్టిగా అతుక్కుంది. ఆ చలికాలంలో అల్లుడి అక్కగారు దూరాన వాన్ అనే ఊళ్ళో ఇల్లు కొనుక్కుని గృహప్రవేశానికి పిలిస్తే, అమ్మాయీ అల్లుడూ నెల్లాళ్ళకని మేకల్ని మాకు ఒప్పజెప్పి వెళ్ళారు. "మీరుండగా నాకు టెన్షనే లేదు మామయ్య గారూ, మీ ఎక్స్‌పీరియన్స్ ముందు నేనెంత" అన్నాడు అల్లుడు. కారెక్కబోతూ మా అమ్మాయి గొంతు తగ్గించి, "నాన్నా, నిజంగా వందేనా?" అంది. "కొంచెం అటూ ఇటూ" అన్నాను.

వాటిలో కొత్తగా కొన్న తెల్ల మేక ఒకటి ఉంది. చూడిది. చలికాలపు బొచ్చు దట్టంగా పట్టి, పొట్ట బోర్లించిన గుండిగలా ఉండి, మందలోకెల్లా అదే బలిసినట్టు కనిపించేది. అల్లుడు ముందే మాట్లాడి పెట్టిన పశువుల డాక్టరమ్మ వచ్చి, గ్లవ్ తీసి దాని బొచ్చులోకి వేళ్ళు దూర్చింది. తర్వాత నా చెయ్యి పట్టుకుని అక్కడే పెట్టింది. దండెం మీద దుప్పటిని పట్టుకుంటే లోపల తీగ తగిలినట్టు వెన్నెముక తగిలింది, రంపం అంచులా. ఆ పొట్టంతా పిల్లలదేననీ, తల్లి ఒంట్లో కండ లేదనీ, పెద్ద మేకలు దీన్ని పొడిచి మేత దగ్గరికి రానివ్వడం లేదనీ చెప్పింది. విడిగా కట్టి, మంచి గడ్డి వేసి, మెల్లగా దాణా అలవాటు చెయ్యమంది. "మీకు నేను చెప్పాలా, వంద మేకల్ని చూసినవారని మీ అల్లుడు చెప్పాడు" అని నవ్వింది. మెల్లగా అంటే ఎంత మెల్లగా అని అడగాల్సింది. వంద మేకలవాడు ఆ ప్రశ్న ఎలా అడుగుతాడు? తల పంకించాను.

సంగతి వినగానే మా ఆవిడ బియ్యం నానబోసింది. "కడుపుతో ఉన్నది అలా ఎముకలు తేలి ఉంటే మనకి ముద్ద ఎలా దిగుతుందండీ? మన అమ్మాయికి పెట్టలేదూ, చలిమిడి తింటే కడుపు చలవ" అంటూ పిండి పట్టి, బెల్లం పాకం పోసి, నెయ్యి కూడా వేసి కలిపింది. ఆ మేక మా ఆవిడ అరచేతిలోంచి ఒక్కో ఉండా తిని, ఆఖరికి గాజులు కూడా నాకింది. అది చూసిన హుషారులో నేను దాణా బక్కెట్టు తెచ్చి ముందు పెట్టాను. ఆ రోజు మేమిద్దరం బిడ్డకు సీమంతం చేసినంత తృప్తిగా ఇంట్లోకి వచ్చాం.

మర్నాడు పొద్దున కొట్టం తలుపు తీసేసరికి మేక గోడవైపు తిరిగి పడుకుని ఉంది. పిలిస్తే చెవి కదలలేదు. నెమరు లేదు. పళ్ళు నూరుతోంది. రాయి మీద రాయి అరుగుతున్నట్టున్న ఆ చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. బయట మైనస్ యాభై. సరే, ముప్పై కూడా లేదేమో. మా ఆవిడ గడ్డిలో కూలబడి, "నా చేత్తో నేనే పెట్టానండీ" అంది. అంతే అంది. నలభై ఏళ్ళ కాపురంలో ఆమె గొంతు అలా పలకడం నేను వినలేదు. నాకు అసలు భయం అప్పుడు పట్టుకుంది.

డాక్టరమ్మకి ఫోన్ చేశాను. దాణా ఎంత వేశారని అడిగింది. కొంచెం అన్నాను. కొంచెం అంటే ఎంతని మళ్ళీ అడిగింది. "అర బక్కెట్టు. దానికి ముందు బియ్యప్పిండి, బెల్లం." "వంద మేకలన్నారు కదా" అంది.

"ఒక్కటండీ. అదీ పక్కింటివాళ్ళది. నేను దాన్ని పెంచలేదు, అదే నన్ను పొడిచింది."

ఆమె నవ్వలేదు. బండేసుకుని వచ్చి, మేక గొంతులోకి గొట్టం దింపి, పొట్టలో పులుపు విరిచే మందు పోసింది. ఉన్నట్టుండి అంత పిండి పడితే మేక పొట్ట పులిసిపోతుందనీ, ఈ సమయంలో తల్లి మేత మానేస్తే పిల్లలు దాని ఒంటినే తినేస్తాయనీ చెప్పింది. "చీకటి పడేలోగా నెమరేస్తే బతుకుతుంది. లేకపోతే అన్నీ పోతాయి."

దానికి చెరోవైపు కూర్చుని దవడ వంకే చూస్తూ ఉన్నాం. మా ఆవిడ దాని మెడ మీంచి చెయ్యి తీయలేదు. దేవుడికి మొక్కుకోవడం చేతకాని నేను, ఆ భయంలో నోటికొచ్చింది ఒప్పేసుకున్నాను. "వంతెనలు కూడా మూడేనే" అన్నాను. "తెలుసు. ఒకటి కల్వర్టు" అంది, దవడ మీంచి చూపు తిప్పకుండా. కిటికీలో వెలుతురు పలచబడుతుండగా మేక గొంతులో ఏదో ఉండలా పైకి పాకింది. దవడ ఒకసారి పక్కకు జరిగింది. ఆగింది. మళ్ళీ జరిగింది. మా ఆవిడ నా చెయ్యి పట్టుకున్న పట్టుకు గోళ్ళ గుర్తులు పడ్డాయి.

ఆ తర్వాత డాక్టరమ్మ చెప్పినట్టే నడిచాం. ముందు గడ్డి ఒక్కటే, అదీ కొద్దికొద్దిగా. కొన్నాళ్ళకు దాణా గుప్పెడు. ఆ గుప్పెడు అరిగిందని నమ్మకం కుదిరాకే ఇంకో గుప్పెడు. పొద్దున్నే ఇద్దరం వంతులవారీగా బొచ్చులో వేళ్ళు పెట్టి వెన్ను తడిమేవాళ్ళం. ఏ రోజైనా నేను రంపం మొద్దుబారిందంటే, మా ఆవిడ ఇంకా లేదనేది. ఈనేదాకా ఆ భయం పోలేదు. నాలుగు పిల్లల్ని ఈనిందని స్నేహితులకు చెబుతుంటాను. రెండే. రెండోది కాసేపు ఊపిరి తీయకపోతే మా ఆవిడ తన శాలువాతో రుద్ది బతికించింది. తిరిగొచ్చిన అల్లుడికి ఉన్నదున్నట్టు చెప్పాను. అంతా విని, "పొడిచిన మాటైనా నిజమేనా మామయ్య గారూ?" అన్నాడు.

ఈ ఉదయం గుమ్మం దగ్గర మా ఆవిడ చివరికి అడిగింది. "సరిగ్గా తింటున్నారా?"

"నీ ఎదురుగానే కదా, రెండేసిసార్లు వడ్డించుకుంటున్నాను" అని తలుపు తీశాను. చలిగాలి మొహాన కొట్టింది. మళ్ళీ మూశాను. "వడ్డించుకుంటున్నాను. సహించడం లేదు. చాలా రోజులైంది" అన్నాను. ఆమె నా వీపు మీంచి చెయ్యి తీయకుండానే రెండో చేత్తో ఫోన్ అందుకుని డాక్టరు దగ్గర అపాయింట్‌మెంట్ అడిగింది. తర్వాత వంటింట్లో బియ్యం కడుగుతున్న చప్పుడు వినిపించింది. "గుప్పెడు చాలు" అని అరిచాను. కాలం మన ఒంట్లోంచి తీసుకెళ్ళేదంతా బొచ్చు కింద, చెప్పకుండా తీసుకెళుతుంది. తిరిగిచ్చేది ఏమైనా ఉంటే, గుప్పెడు గుప్పెడుగానే ఇస్తుంది.