కిటికీ పక్క వాటా

హొసకోటె బస్సులో నిలబడి ఉన్నాను. కిటికీ పక్కన కూర్చున్న పెద్దాయన అడగకుండానే నా టైల్స్ పనిముట్ల సంచి అందుకుని ఒళ్లో పెట్టుకున్నాడు. ఒంటి మీద ఫ్యాక్టరీ యూనిఫాం, మోకాలి దగ్గర అతుకు. ముఖంలో మాత్రం పెళ్లికొడుకు కళ, చెరగని నవ్వు. నాకు కడుపు మండింది. ఏడో తరగతిలో బడి మానేసినవాణ్ణే అయినా నేను దండిగానే సంపాదిస్తున్నాను. ఆ నవ్వు మాత్రం నా ముఖానికి ఎప్పుడూ రాలేదు.

ఆయన్ను కాస్త గిల్లాలనిపించి ఫోన్లో వార్త చూపించాను.

"మన దేశం ఇంకా డబ్బున్న దేశమైందంట. నీ వాటా ముట్టిందా పెద్దాయనా?"

"ముట్టింది కదప్పా. కిటికీ సీటు దొరికుండాది, గాలి చల్లగా వస్తాండాది. నీకింకా రాలేదా? రా, కూర్చో."

లేచి, నన్ను కూర్చోబెట్టాడు. సంచి నా ఒళ్లోకి వచ్చింది. గాలీ వచ్చింది. తల తిప్పి చూస్తే ఆయన కమ్మీ పట్టుకుని వేలాడుతూ అదే నవ్వు నవ్వుతున్నాడు. సీటు ఇచ్చాడు గానీ ఆ నవ్వు మాత్రం తనతోనే ఉంచుకున్నాడు.

ఇప్పటికీ కిటికీ సీటు దొరికితే నేను బయటికి చూడను. నిలబడ్డవాళ్ల ముఖాలే చూస్తాను.