కుంట మీదుగా చుక్కల బాట

ఆ రోజుల్లో పటమంటే కదలకూడని వస్తువు. నేల కదిలినా సరే, పటం మాత్రం కదలరాదు. సర్వే శాఖలో చేరిన మొదటి వారంలోనే మేము నేర్చుకున్న మర్యాద అది. గట్టు తెగిపోవచ్చు, హద్దురాయి మాయం కావచ్చు, వాగు పక్కకు జరిగి ప్రవహించవచ్చు. కానీ ట్రేసింగు గుడ్డ మీద నల్లసిరాతో గీసిన గీత మాత్రం గీసినచోటనే ఉంటుంది, ఎందుకంటే దాని కింద ఒక సంతకం ఉంటుంది. ఇటువంటి శిక్షణలో ఉద్యోగ జీవితమంతా గడిపిన మనిషిని, ఈ వయసులో, మణికొండలో ఎనిమిదో అంతస్తులో కూర్చోబెట్టి, కదిలే పటాన్ని చూపించి "మంచిగుందా తాతా?" అని అడగడం ఎంత అన్యాయమో పాఠకులే ఆలోచించాలి.

అడిగింది మా పెద్దమ్మాయి కూతురు. నానక్‌రామ్‌గూడ వైపు ఒక అద్దాల భవనంలో ఉద్యోగం చేస్తూ మా దగ్గరే ఉంటోంది. ఈ పిల్లకు వింత పటాలంటే పిచ్చి. దక్షిణం పైకీ ఉత్తరం కిందికీ ఉన్న ప్రపంచపటం ఒకటి తెచ్చి హాల్లో తగిలించింది (మూడు రోజులు నాకు తల తిరిగింది). జనాభాను బట్టి కొన్ని దేశాలు ఉబ్బిపోయి, కొన్ని చిక్కిపోయి, మొత్తం భూగోళానికి జబ్బు చేసినట్టున్న పటం ఇంకొకటి చూపించింది. ఎవరో ఒకావిడ తమ వీధిలో ఏ గుమ్మం ముందు ఏ వాసన వస్తుందో గుర్తించి, ఇంగువకు ఒక రంగు, అగరొత్తులకు ఒక రంగు వేసి గీసిన పటం మరొకటి. ప్రతి పటం మీదా నా నోటుపుస్తకంలో అభ్యంతరాలు నమోదు చేశాను: స్కేలు లేదు, ఉత్తరబాణం లేదు, గీసినవారి హోదా లేదు. ఇప్పటికి పద్నాలుగు పటాలకు యాభై రెండు అభ్యంతరాలు. ఒక్కదానికీ ఆమె లిఖితపూర్వకంగా సమాధానం ఇవ్వలేదు.

మొన్న ఆదివారం ఉదయం పెసరట్టు తిని లేచానో లేదో, ల్యాప్‌టాప్ తెచ్చి నా ముందు పెట్టింది. "ఈసారి తిట్టకు తాతా, జర చూడు," అంది. నల్లటి తెర మీద దేశాల అంచులు సన్నగా ఉన్నాయి. మూలన నెలల పేర్లు మారుతున్నాయి. మంచుకొండలకు ఆవల ఎవరో అక్షింతలు చల్లినట్టు పసుపు చుక్కలున్నాయి. సెప్టెంబరు దాటగానే ఆ అక్షింతలు కదిలాయి. గుంపులుగా, తోకలవంటి సన్నని గీతలు వెనక విడుస్తూ, కొండలెక్కి, కొండలు దిగి, గంగను దాటి, దక్కను మీదికి వచ్చి వాలాయి. మార్చి రాగానే లేచి, మళ్ళీ వెళ్లిపోయాయి.

"ఏమిటివి?" అన్నాను.

"బాతులు. ఒక్కో చుక్క ఒక్కో పక్షి."

"సర్వే చేసిందెవరు?"

"ఎవరూ చెయ్యలే. పక్షులే. వాటికి చిన్న మిషన్ కడతారు, అవి ఎటు పోతే అటు గీత పడ్తది."

"పక్షులే సర్వేయర్లా?"

"అట్లనే అనుకో."

"మరి సంతకం?"

"అబ్బా, తాతా!" అని ఆమె తల పట్టుకుంది. మామూలుగా అయితే అక్కడ నేను నోటుపుస్తకం తెరవాలి. తెరవలేదు. ఒక పసుపు చుక్క సరిగ్గా మన ఊరికి పడమటి పక్కన దిగి ఆగింది. దాని వెనకనున్న గీతను చూస్తూ ఉండిపోయాను. ఆ గీతను నేనెరుగుదును. ఆ పిల్ల తల్లి కూడా పుట్టకముందు, దాన్ని నా చేత్తో నేను గీశాను. దానివల్ల నా ఉద్యోగం పోయినంత పని జరిగింది.

నేను కాకినాడ నుంచి వచ్చి తాత్కాలిక డ్రాఫ్ట్స్‌మన్‌గా చేరిన ఏడాది అది. అప్పటికి సైబరాబాదు అన్న మాట పుట్టలేదు. ఈ ప్రాంతమంతా ఏనుగుల మందలు పడుకున్నట్టు రాతి గుండ్లు, మధ్య మధ్య సీతాఫలం చెట్లు, అక్కడక్కడ నీటి కుంటలు. గ్రామపటాన్ని సరిచూసి కొత్తగా గీయమని మమ్మల్ని పంపారు. నేను బోరబండలో ఒక కిరాయి గదిలో ఉంటూ, తెల్లవారగానే సైకిలెక్కి నానక్‌రామ్‌గూడ చేరేవాడిని. ఆ ఊరివాడే ఒక పెద్దమనిషి మాకు కొలత గొలుసు లాగేవాడు. అందరూ గొలుసన్న అనేవారు. మొదటి వారంలోనే ఒక ఉదయం అతడు గొలుసు కింద పెట్టి, "జర ఆగున్రి సారూ, వాళ్లని పోనియ్యిన్రి," అన్నాడు. ఎవరిని అని చూసేసరికి, నెత్తిమీద రెండు నల్లచారలున్న బూడిదరంగు బాతులు, రెండు పెద్ద గుండ్ల నడుమ నుంచి బారుగా వచ్చి, మా తలల మీదుగా సాగి, ఎదుట ఉన్న పేరులేని కుంటలో దిగాయి.

"మా తాత జమాన నుంచి గిదే బాట సారూ," అన్నాడు గొలుసన్న. "యాడికెల్లో మంచు దేశంకెల్లి వస్తయట. పొద్దుమీకి మేతకు పోతయి, తెల్లారి గిట్లనే వస్తయి. ఆ రెండు గుండ్ల నడుమకెల్లే. ఇంచు గూడ అటిటు పోవు."

ఇంచు అన్న మాట సర్వే మనిషి ముందు అనకూడదు. నేను మర్నాటి నుంచే పరిశీలన మొదలుపెట్టాను. నలభై రెండు ఉదయాలు ఆ కుంట గట్టున నిలబడి, వచ్చిన వేళ, దిక్కు, సంఖ్య డైరీలో రాశాను. ముప్పై తొమ్మిది రోజులు అదే మార్గం. రెండు రోజులు పొగమంచులో కనబడలేదు. ఒక రోజు నా సైకిలుకు పంక్చరయి నేనే ఆలస్యంగా వచ్చాను (అది పక్షుల తప్పుగా లెక్కించలేదు). ఇక పటం గీయడానికి కూర్చున్నప్పుడు నిబంధనల పుస్తకం తెరిస్తే, చాలాకాలంగా వాడుకలో ఉన్న ప్రతి బాటనూ, అది ఎవరి భూమి మీదుగా పోయినా సరే, చుక్కల గీతతో చూపవలెనని ఉంది. మూడుసార్లు చదివాను. బాటను వాడేవారు మనుషులై ఉండాలని ఎక్కడా లేదు. చాలాకాలమా? గొలుసన్న తాత కాలం నుంచి. వాడుకా? ముప్పై తొమ్మిది సాక్ష్యాలున్నాయి. ఇంతకంటె ఏ బాటకు ఋజువులుంటాయి? స్కేలు, డివైడరు పెట్టుకొని, రెండు గుండ్ల నడుమ నుంచి కుంట నడిబొడ్డు వరకూ, సమానమైన ముప్పై ఒక్క చిన్న గీతలతో చుక్కల బాట వేశాను. అంత అందమైన గీత నా జీవితంలో మళ్ళీ గీయలేదు.

మా హెడ్డు గారిని అందరం అరబ్లేడు గారని పిలుచుకొనేవాళ్లం. ట్రేసింగు గుడ్డ మీద తప్పులు గీకివేయడానికి ఆయన చొక్కా జేబులో ఎప్పుడూ కాగితంలో చుట్టిన సగం బ్లేడు ఉండేది. ఆ పూట ఆయన పంటి నొప్పితో ఉన్నారు. పటం చూడకుండానే పొట్టి సంతకం పెట్టేశారు. ప్రింట్లు తీశారు. నెల తిరగకుండా ఒక ప్రింటు చేతబట్టుకొని పెద్దసారు తనిఖీకి వచ్చారు. నా ఉద్యోగం ఖాయం చేసే కాగితం ఆయన బల్ల మీదనే ఉంది. ఆయన కాదంటే నేను కాకినాడ తిరిగి వెళ్లి, మా మేనమామ టైపు ఇన్‌స్టిట్యూట్‌లో పిల్లల వేళ్లు సరిచేస్తూ బతకాలి.

పెద్దసారు కుంటకు అవతలనున్న హద్దురాయి చూడాలన్నారు. జీపు గుండ్ల దగ్గర ఆగిపోయింది. గొలుసన్న చుట్టూ తిరిగి తీసుకుపోబోతే, ఆయన ప్రింటు విప్పి చూసి, "ఇంత దగ్గర బాట ఉండగా మమ్మల్ని ఊరంతా తిప్పుతావేమయ్యా?" అన్నారు.

"గటు బాట లేదు సారూ. నీళ్లున్నయి. పైకెల్లి తుంగ మొలిచింది గని, కింద బురద."

"నువ్వు చెప్పింది నమ్మాలా, సర్కారు నక్షా నమ్మాలా?"

నేను పక్కనే పటాల గొట్టం పట్టుకొని నిలబడ్డాను. నోరు తెరవవలసిన క్షణం అదే. నేను గొట్టం మూత బిగించాను. పెద్దసారు నక్షాను నమ్మి అడుగు ముందుకు వేశారు. మొదటి అడుగు చీలమండ దాకా, రెండోది మోకాలి దాకా దిగింది. మూడోది వేయడానికి కాలు పైకి లాగితే, కాలు వచ్చింది, బూటు రాలేదు. ఆ చప్పుడుకు కుంటలోని బాతులన్నీ ఒక్కసారిగా లేచి, ఆయన టోపీ మీదుగా, గుండ్ల నడుమకు బారుగా సాగిపోయాయి.

"ఎవడయ్యా ఈ బాట గీసింది?" అన్నారాయన, ఒంటికాలి మీద నిలబడి.

"నేనండి."

"ఎవరు నడుస్తారయ్యా ఇక్కడ?"

"పక్షులండి."

"ఏ పక్షులు?"

నేను వేలెత్తి చూపించాను. "అవేనండి. ప్రస్తుతం బాట మీదే ఉన్నాయి."

గొలుసన్న వెంటనే మొహం అటు తిప్పుకున్నాడు, కానీ అతడి భుజాలు అదరడం అందరికీ కనబడింది. తరువాత అతడే మా కొలత గొలుసు విసిరి, దాని ఇత్తడి పిడితో బురదలోని బూటును పైకి లాగాడు. (ప్రభుత్వ గొలుసును నిర్దేశించని పనికి వాడినట్టు ఆ రోజే డైరీలో రాసుకున్నాను.)

ఈ బూటు కథ మా ఇంట్లో అందరికీ కంఠతా వచ్చు. పెళ్లిళ్లలో అడిగి చెప్పించుకుంటారు. కానీ నేనెప్పుడూ బూటు బయటికి వచ్చేచోట ఆపేస్తాను. అందరూ నవ్వుతారు కనుక తరువాత ఏమైందని ఎవరూ అడగరు. మొన్న ఆదివారం నా మనవరాలు అడిగింది.

"ఇది నీ బూటు కథ జాగనే కదా తాతా? మరి ఆ గీత ఏమైంది?"

ఏమైందంటే, మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వమని మెమో వచ్చింది. పదకొండు పేజీల సంజాయిషీ, నలభై రెండు ఉదయాల పట్టిక, దిక్కుల నమూనా, నిబంధన నకలు జతచేసి హెడ్డు గారికి అందించాను. ఆయన కళ్లజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు.

"ఇందులో తప్పేమీ లేదబ్బాయ్. అదే వచ్చిన చిక్కు. మీరు రైటయితే పెద్దసారు బురదలో దిగడం తప్పవుతుంది. ఒప్పుకుంటారా ఆయన?"

"బాట ఉన్నమాట నిజమే కదండీ?"

"నిజమేనండి. ఉద్యోగం కూడా నిజమే కదా?" అంటూ జేబులోంచి సగం బ్లేడు తీసి నా బల్ల మీద పెట్టారు. "పొరపాటైనది, సరిదిద్దితిని అని ఒక్క వాక్యం రాయండి. నేను టీ తాగి వస్తాను."

ఆయన టీ తాగి వచ్చేలోగా ముప్పై ఒక్క గీతలూ గీకేశాను. ఒక్కొక్కటీ లెక్కపెట్టి గీకాను. పదకొండు పేజీలూ మడిచి డైరీలో పెట్టుకొని, ఆయన చెప్పిన వాక్యం రాసి ఇచ్చాను. నెలాఖరుకు ఉద్యోగం ఖాయమైంది. ఆ రోజు డైరీలో నా దస్తూరీలోనే ఉంది: "సరిదిద్దితిని. ఏకీభవించలేదు." ఏకీభవించని సంగతి డైరీకి తప్ప ఇంకెవరికీ చెప్పే ధైర్యం నాకు లేకపోయింది.

గొలుసన్నకు మాత్రం మర్నాడు చెప్పాను. "ఆ గీత తీసేశానన్నా."

అతడు నా మొహం చూసి నవ్వాడు. "తీస్తే తీసిన్రు పోనియ్యిన్రి సారూ, ఫికర్ జెయ్యకున్రి. వాటికి సదువు రాదు గద. నక్షా చూసి వస్తయా?"

అతడలా అంటూండగానే గుండ్ల నడుమ నుంచి అవి వచ్చాయి. రద్దయిన బాట మీదుగా, నిన్నటిలాగే, మా తలల మీదుగా. నేను పైకి చూడలేకపోయాను. ఆ తరువాత నన్ను వేరే జిల్లాకు వేశారు. తిరిగి ఈ ఊరు వచ్చేసరికి కుంట ఎక్కడుండేదో చెప్పగలవారు కూడా మిగల్లేదు.

అంతా చెప్పాక, నేను బీరువా తెరిచి, గీత గీకేసిన తరువాత తీసిన ప్రింటు ఒకటి బయటపెట్టాను. (బ్లేడు గరుకు పడి మసకగా వచ్చిందని ఆఫీసువారు పారవేస్తే తెచ్చుకున్నాను, తేదీ వేసి దాచాను.) ఆమె దాన్ని కిటికీ అద్దానికి ఆనించి పట్టుకుంది. వెలుతురులో ఆ మసక పట్టీ పాత గాయం మచ్చలా, రెండు గుండ్ల నడుమ నుంచి కుంట దాకా కనబడింది. తరువాత ఆమె తన ఫోనులో ఇప్పటి పటం తెరిచి, పక్కన పెట్టి, వేలితో అటూ ఇటూ జరిపి, ఉన్నట్టుండి గట్టిగా అరిచింది.

"తాతా! ఈ గుండు మా పార్కింగ్‌లున్న గుండే! దాని మీద కంపెనీ పేరు రాసిన్రు. అంటే నేను రోజూ నీ కుంటల కూర్చొని పనిచేస్తున్ననా?"

"ఎన్నో అంతస్తు నీది?"

"పన్నెండు."

మనసులో లెక్క వేశాను. "అయితే కుంటలో కాదు. దాదాపు బాట మీదే కూర్చున్నావు."

ఆమె పకపకా నవ్వింది. నవ్వుతూనే, "మళ్ళీ వెయ్యనా తాతా?" అని ల్యాప్‌టాప్ నా వైపు తిప్పింది. వెయ్యమన్నాను. సెప్టెంబరు దాటగానే అక్షింతలు కదిలాయి. మరోసారి వెయ్యమన్నాను. ఎన్నిసార్లు చూశానో రాసుకోలేదు. ఆ పటానికి స్కేలు లేదన్న అభ్యంతరం ఇప్పటికీ నిలిచే ఉంది. కానీ ప్రతిసారీ ఆ చుక్క మంచుకొండలు దాటి వచ్చి మా పడమటి పక్కన వాలినప్పుడు, గట్టు మీద సైకిలు ఆనించి, చలికి చేతులు చంకల్లో పెట్టుకొని, ఆకాశంలోకి చూస్తున్న ఇరవై రెండేళ్ల కుర్రాడొకడు నాకు కనబడ్డాడు. వాడిని కేకేసి, ఆ బ్లేడు ముట్టుకోకురా అని చెప్పాలనిపించింది. వాడు వినడు. వాడికి ఉద్యోగం కావాలి.

మనవరాలు బయటికి వెళ్లాక ప్రింటును బల్ల మీద పరిచి, పెన్సిలు చెక్కుకొని, ఆ మసక పట్టీ మీదుగా గీత మళ్ళీ గీశాను. ఆనాడు గీత సమానంగా తెగి తెగి రావడానికి పూటంతా కష్టపడ్డాను. ఇప్పుడు చేయి వణుకుతుంది కనుక, ఏ శ్రమా లేకుండా గీత దానంతటదే తెగి తెగి వచ్చింది. పూర్తయ్యాక అలవాటు ప్రకారం లెక్కపెట్టాను. ముప్పై మూడు వచ్చాయి. రెండు ఎక్కువ. రబ్బరు పక్కనే ఉంది, ముట్టుకోలేదు.