రెండు గంటలకోసారి పక్క

పత్తి బోరేలు ఎత్తిన ట్రాక్టరు మీదనుంచి జారి పడ్డాక, మా తమ్ముడి నడుం కింది ఒళ్లు వాడి మాట వినడం మానేసింది. అంతకుముందు ఇంట్లో వాడి మాట విననివాణ్ణి నేనొక్కణ్ణే.

డాక్టరు రాసిన వాటిలో ముఖ్యమైనది మందు కాదు: రెండు గంటలకోసారి పక్క మార్చడం. మార్చకపోతే ఆనిన చోట పుండు పడుతుంది, వాడికి నొప్పి తెలియదు కనుక చెప్పడు. కల్లంలో మిరపకాయలు తిరగేస్తూ పెరిగిన వాడి భార్యకు, మా మరదలికి, ఇది ఒకసారి చెబితే చాలింది. గోడకు పలక తగిలించి, తిప్పినప్పుడల్లా టైము వేసి ‘ఎడమ’ అనో ‘కుడి’ అనో రాసేది.

ఆదివారాలు ఆమె మిరప కోతకు వెళితే ఆ డ్యూటీ నాది. నేను ఒంగోలులో ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెబుతాను; వాళ్లు హాయిగా నిద్రపోతారు. దర్శి దగ్గరి మా ఊళ్లో మాత్రం నాకో శ్రోత దొరికాడు, లేచిపోలేనివాడు. తన సూర్యుడికి ఎప్పుడూ ఒకే ముఖం చూపిస్తూ తిరిగే గ్రహాల గురించి చెప్పాను.

“అంటే అక్కడ పొద్దు గూకదా?”

“గూకదు. ఒక పక్క ఎప్పుడూ ఎండే, రెండో పక్క ఎప్పుడూ చీకటే.”

“మరి కూలోళ్లు ఇంటికెప్పుడు పోతారన్నయ్యా?”

ఈ ప్రశ్న మా సిలబస్‌లో లేదు.

“ఎండ పక్క మాడిపోద్ది, చీకటి పక్క గడ్డకట్టుద్ది. మధ్యలో గ్రహం చుట్టూ గట్టులా ఒక చోటుంటుందిరా. అక్కడెప్పుడూ సాయంత్రమే. బతికేవన్నీ దానిమీదే.”

“గట్టు మీదా? ఇంకేం, సర్వేయర్ని పిలు.”

వారం వారం ఆ గట్టును నింపుకుంటూ పోయాం. ఒకవైపే నల్లటి ఆకులున్న చెట్లు. కదలని నీడల్లోనే పుట్టి పోయే పురుగులు. చీకట్లోంచి ఎండలోకి ఆగకుండా చలిగాలి. గింజలన్నీ ఎండలోకి కొట్టుకుపోతే రెండో పంటకు విత్తనమేదని వాడు బెంగపడ్డాడు. వాటిని బొచ్చుకు అంటించుకుని గట్టు వెంట నడిచే జంతువును కూడా వాడే పుట్టించాడు. గిత్తంత ఉంటుంది, చలి తగిలే పక్కే బొచ్చు.

“తిరిగొచ్చేటప్పుడు చలి రెండో పక్క కొడుద్ది కదరా?” అన్నాను.

“అది వెనక్కి తిరగదు. చుట్టూ నడిచి ఇంటికొస్తది.”

ఎన్నేళ్లు పడుతుంది, దారిలో ఏం తింటుంది, దూడలు గుర్తుపడతాయా? గడియారం చూసేసరికి మూడున్నర దాటింది. పన్నెండింటికి తిప్పినవాడు ఇంకా ఎడమ పక్క మీదే ఉన్నాడు. కంగారుగా లేచాను.

“ఆగు, దాన్ని ఇల్లు చేరనీ,” అన్నాడు. చేర్చాకే తిప్పాను. తుంటి మీద ఎర్రగా మచ్చ.

“పలక మీద రెండింటికి ‘కుడి’ అని రాసెయ్. లేకపోతే నీ మరదలు నిన్ను తిడుద్ది.”

రాశాను. బోర్డు మీద రాసి అలవాటైన చేయి, అక్షరం కుదురుగా వచ్చింది.

మచ్చ పోలేదు. పుండైంది, జ్వరమైంది, ఒంగోలు ఆసుపత్రి అయింది. మూడో కోత నాటికి వాడు లేడు.

పెద్దకర్మ అయిన మర్నాడు, పుండు పడ్డాక వాడికి అద్దెకు తెచ్చిన గాలి పరుపు తిరిగి ఇచ్చేయాలని మరదలు బిరడా తీసి, మోకాళ్లతో నొక్కుతోంది. అప్పుడు చెప్పాను, పలక మీది అబద్ధం సంగతి.

“తెలుసు బావగారూ. దుప్పటి మడతల అచ్చులు ఎడమ తుంటి మీదే ఉన్నాయిగా.”

“మరి అడగలేదేమ్మా?”

“అడిగితే మీరు మొహం చెల్లక రావడం మానేస్తారు. మీ తమ్ముడు శనివారమే గడ్డం గీయమనేవాడు, మీరొస్తారని.” ఆమె తలెత్తలేదు. “ఆ చివర గాలి పోవట్లేదు. కాస్త నొక్కండి.”

నేనూ మోకాళ్ల మీద కూర్చుని నొక్కాను. పరుపులో గాలి చాలానే ఉంది.