గులాబీ సేమ్యా, ద్రాక్షరసం జాడీ

ఆ ఏడు మా కొట్లో పసుపు ముక్కలు మిగిలిపోయాయి.

దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు నుంచి లోపలికి తిరిగే సందులో మాది బేకరీ సరుకుల కొట్టు. మైదా, పంచదార జోలికి పోలేదు. కేకు మీద చల్లేవి, కేకులో కలిపేవి మాత్రమే అమ్మేవాళ్ళం. సన్నటి పంచదార పుల్లల్లా ఉండే రంగు సేమ్యా, వెండి గుళ్ళు, చాక్లెట్ పలుకులు, కొబ్బరి పొడి, వాక్కాయకు ఎర్ర రంగు పట్టించి చెర్రీ అని పిలిచే పండ్లు, టూటీ ఫ్రూటీ. కృష్ణా జిల్లాలో మా వాటా పొలం అమ్మి నేనూ నా భర్తా పెట్టుకున్న కొట్టు అది. వెనక్కి వెళ్ళడానికి అక్కడ ఇక ఏమీ లేదు.

పచ్చి బొప్పాయిని సన్నగా తరిగి, ఉడికించి, పాకంలో ఊరబెట్టి రంగు పట్టిస్తే టూటీ ఫ్రూటీ. ఎరుపు, ఆకుపచ్చ, పసుపు కలిపే వస్తుంది. ఏళ్ళ తరబడి అమ్మినా ఎవరూ రంగు సంగతి ఎత్తలేదు. ఉద్యమం రాజుకున్నాక ఒక పొద్దున ఎల్బీ నగర్ తమ్ముడు వచ్చి కౌంటర్ మీద మోచేతులు ఆన్చాడు.

"అక్కా, గీ పసుపు ముక్కలు ఏరేసి ఇయ్యి."

"ఏరడానికి ఇవేమన్నా బియ్యంలో రాళ్ళా? పసుపు నిన్నేం చేసింది తమ్ముడూ?"

"నన్నేం జెయ్యలే. నిన్న ఒకడు బన్ను ఇరిచి సూసి, గిది ఆ పార్టీ రంగు, ఎట్ల పెట్టినవ్ రా అని ఆ బన్ను నా మొకాన కొట్టిండు. బన్ను కాబట్టి సరిపోయింది. రేపు ఇటుక కొడ్తడు."

అదే వారం, మా వైపు నుంచే వచ్చి స్థిరపడిన ఒక బేకరీ ఆయన ఫోన్ చేసి, "గులాబీ రంగు సేమ్యా నా సరుకులో ఒక్క పలుకు కనపడినా తిప్పి పంపేస్తానండీ" అన్నాడు. రాజకీయం ఎటు పోతోందో తెలియాలంటే పేపరు చదవనక్కరలేదు, మా డబ్బాలు చూస్తే చాలు.

ఎల్బీ నగర్ తమ్ముడంటే రక్తసంబంధం కాదు. నల్గొండ జిల్లా పల్లె నుంచి వచ్చి, పాతబస్తీలో ఇరానీ బేకరీలో పని నేర్చుకుని, చౌరస్తాకు దగ్గర్లో సొంతంగా చిన్న బేకరీ పెట్టుకున్నాడు. అతని బ్రెడ్డు మామూలే, క్రీము మామూలే. కుడి చెయ్యి మాత్రం మామూలుది కాదు. క్రీము నింపిన కోన్ పట్టుకుంటే పేరు మొత్తం ఒక్క గీతగా, ఎక్కడా ఆగకుండా రాసేవాడు. ఆ రాత కోసమే హయత్‌నగర్ నుంచి కూడా జనం వచ్చేవాళ్ళు. ఆ చెయ్యి లేకపోతే ఆ బేకరీ లేదు. ఆ సంగతి అతనికి అందరికంటే బాగా తెలుసు. ప్రతి ఊరేగింపుకూ వెళ్ళేవాడు, గొంతు బొంగురుపోయేదాకా అరిచేవాడు, రాయి మాత్రం పట్టేవాడు కాదు.

"ఇసిరేటప్పుడు మణికట్టు బెణికితే నా పిల్లలు ఏం తినాలె అక్కా? నాకు గొంతు ఉన్నది, సాలు."

ఆ రోజుల్లో మా సందులోకి రాళ్ళు తరచుగా వచ్చేవి. కోచింగ్ సెంటర్ల అద్దాలు పగిలి మెట్లమీద ఉప్పులా పడి ఉండేవి. ఎల్బీ నగర్ దగ్గర బస్సు తగలబడుతుంటే సీట్ల రబ్బరు కరిగి రోడ్డు మీద నల్లగా పారడం కళ్ళారా చూశాను. బాష్పవాయువు వదిలిన రోజు మా కొబ్బరి పొడి మొత్తం ఆ ఘాటు పీల్చుకుంది. కొబ్బరి పొడి గాలిలో ఏముంటే అది తాగేస్తుంది. నాలుక మీద వేసుకుంటే కళ్ళు మండాయి. బస్తా బస్తా మోరీలో పోశాం. కొట్టు కటకటాల తలుపు వెనక మోకరించి ప్రార్థన చేస్తుంటే బయట ఎవరినో కొడుతున్న చప్పుడు ఆమెన్‌కూ ఆమెన్‌కూ మధ్య వినపడేది.

మా చర్చి సంఘంలో తెలంగాణవాళ్ళూ ఉన్నారు, కోస్తావాళ్ళూ ఉన్నారు. ప్రభువు బల్ల దగ్గర ఒకే పాత్రలో తాగే మనుషులు ఆదివారం గుమ్మం దాటగానే రెండు గుంపులుగా నిలబడేవారు. పాస్టరు అయ్యగారికి అది పుండులా ఉండేది. అందుకే ఆ క్రిస్మస్‌కు కేకు కొనకుండా అందరం కలిసి పండ్లు తరిగి ఊరబెడదామన్నారు. ఆ మధ్య బజారులో గాలి కూడా అటే వీస్తోంది. టూటీ ఫ్రూటీ పిల్లల బన్నుల్లోకి దిగిపోయి, పెద్దవాళ్ళు కిస్మిస్, నారింజ తొక్క, జీడిపప్పు దట్టించిన ప్లమ్ కేకు అడుగుతున్నారు. పండ్లు మా కొట్టువి, పొయ్యి ఎల్బీ నగర్ తమ్ముడిది. అతను హిందువే అయినా ప్రతి క్రిస్మస్‌కూ మా కేకులు కాల్చేది అతనే.

పండ్లను అందరూ రమ్ములో ఊరబెడతారు. మా సంఘంలో మద్యం చుక్క ముట్టరు. ద్రాక్షరసం కాచి, లవంగం, దాల్చినచెక్క వేసి, చల్లార్చి పెట్టాం. స్త్రీలు పాటలు పాడుతూ పండ్లు తరిగారు. తమ్ముడు వచ్చి రెండూ కలిపి గాజు జాడీలకెత్తి, గుడ్డ పట్టుకుని ఒక్కో మూతా బలంగా బిగించాడు. రమ్ము ఆవిరి పోకుండా అలా బిగించడం అతనికి ఇరానీ బేకరీలో పట్టుబడిన అలవాటు. రమ్ములో ఊరిన పండు ఏళ్ళు గడిచినా కదలదు. ఉత్త ద్రాక్షరసంలో ఊరిన పండు ఏం చేస్తుందో అతనూ చూడలేదు, మేమూ చూడలేదు. జాడీలు మా కొట్టు వెనక అలమరలో పెట్టి తాళం వేశాం.

డిసెంబరులో ప్రకటన వచ్చింది. రాష్ట్రం ఇస్తున్నారన్నారు. ఆ రోజుల్లో గులాబీ సేమ్యా కోసం మా కొట్టు ముందు తోసుకున్నారు. కేకు మీద గులాబీ సేమ్యాతో తెలంగాణ పటం గీయించుకోవడం మొదలైంది. తమ్ముడు పగలంతా అదే గీశాడు, వేళ్ళు బిగుసుకుపోతే వేడినీళ్ళలో ముంచి మళ్ళీ గీశాడు. క్రిస్మస్ ముందర ఢిల్లీ వెనక్కి తగ్గింది. పండగ మొత్తం ఒక్క రోజులో కోపమైపోయింది.

క్రిస్మస్ ముందు రోజు బంద్. సరుకు కోసం విజయవాడ వెళ్ళిన నా భర్త దారిలోనే చిక్కుకుపోయాడు. బళ్ళు లేవు. తమ్ముడు మెడలో గులాబీ కండువా వేసుకుని ఎల్బీ నగర్ నుంచి నడిచి వచ్చాడు, జాడీలు మోసుకుపోయి కేకులు కాలుద్దామని.

"కండువ ఉన్నది కదా, నన్నెవడు ఆపుతడు. నువ్వు షట్టర్ సగం దించు."

దించాను. అంతలోనే సందు మొదట్లో అరుపులు. పగిలే గాజు చప్పుడు ఒక్కో కొట్టు దాటుకుంటూ దగ్గరకు వచ్చింది. మా షట్టర్ మీద కర్రలు పడ్డాయి.

"ఆంధ్రోళ్ళ దుకాణం! గుంజుర్రి!"

తమ్ముడు వంగి బయటకు వెళ్ళి మెట్టు మీద నిలబడ్డాడు. "అరే, ఆగుర్రి! గిది మా అక్క దుకాణం. మీ గులాబీ కేకులు ఎక్కడికెల్లి వచ్చినయ్ అనుకున్నరు? గిక్కడికెల్లే!"

ఎవడో నవ్వాడు. "నీకు ఆంధ్రల అక్క ఎట్ల దొరికిందే?" అన్నాడు. ముందున్నవాళ్ళు వెనక్కి తిరుగుతున్నారు కూడా. నేను లోపల స్తోత్రం అంటున్నాను. అప్పుడే నా వెనక అలమర పేలింది.

తుపాకీ పేలినట్టే పేలింది. తలుపు ఊడి పడింది. నా మెడకు ఏదో తడి తగిలింది.

"కాల్చిన్రురా! లోపల తుపాకున్నది!"

రాళ్ళు వానలా పడ్డాయి. మొదటిది తమ్ముడి నుదుటికి తగిలింది. అతను కూర్చున్నట్టు కిందికి జారాడు. షట్టర్ పైకి లేచింది. లోపలికి దూకినవాళ్ళు ముందరి అరలు లాగి పడేశారు. వెండి గుళ్ళ డబ్బాలు పగిలి నేలంతా దొర్లితే ముందు వచ్చినవాళ్ళు ఒకరి మీద ఒకరు జారిపడ్డారు, పడినవాళ్ళను వెనకవాళ్ళు తొక్కారు. ఒకడి మోచెయ్యి విరిగిన చప్పుడు విన్నాను. జుట్టు పట్టి నన్ను కౌంటర్ అవతలికి ఈడ్చారు. ఇరవై ఏళ్ళ కుర్రాడు సీసాలో పెట్రోలు, గుడ్డ పేలిక పట్టుకుని, "ముసల్దాన్ని బయటికి గుంజి అంటువెట్టుర్రి" అంటున్నాడు. నాకప్పుడు నలభై కూడా నిండలేదు.

మెట్టు మీద తమ్ముడు నెత్తురు కళ్ళలోకి కారుతుండగా అరుస్తున్నాడు. "తుపాకి కాదురా నీ అయ్య! జాడీ! పండ్ల జాడీ!"

యేసయ్యా అని కేక వేసి, విదిలించుకుని వెనక్కి పరుగెత్తి, అలమరలో పగలకుండా మిగిలిన జాడీని గుండెకు హత్తుకుని ఆ కుర్రాడి ముందు మూత తిప్పాను. ఎర్రటి నురగ బుస్సుమని నా ముఖం మీదికి, వాడి చొక్కా మీదికి ఎగిరింది. వాడు నెత్తురనుకుని వెనక్కి గెంతాడు. తర్వాత వాసన చూశాడు. వేలితో తీసి నాలుక మీద వేసుకున్నాడు.

"అరే, గిది కల్లురా! చర్చి పేరు జెప్పి అక్క కల్లు దాస్తున్నది!"

"మా సంఘంలో మద్యం ముట్టరు!" అన్నాను. జుట్టు విరబోసుకుని, ముఖమంతా నురగతో, నేనా మాట అన్న తీరుకు ఒకడు పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆ నవ్వు సందులోకి పాకింది. ఆ కుర్రాడు పెట్రోలు సీసా మెట్టు దగ్గర పెట్టేశాడు. దేవుడు మనుషుల ఎగతాళిని కూడా గొడుగులా పడతాడని ఆ రోజు చూశాను. కొట్టు నిలబడింది.

తమ్ముడు లేచాడు. కండువాతో నుదురు తుడుచుకుని, నా చేతిలోని జాడీ తీసుకుని, సందు చివరనున్నవాళ్ళకు కనపడేలా కుడిచేత్తో పైకెత్తాడు. "సూడుర్రి, గిదే తుపాకి! పోర్రి ఇగ, పోర్రి!"

అందరూ పరుగెత్తారు. అతను చెప్పినందుకు కాదు. మలుపు తిరిగి ఖాకీలు వచ్చాయి. వాళ్ళకు కనపడింది గులాబీ కండువా, నెత్తురు ముఖం, ఎత్తిన చేతిలో ఎర్రటి సీసా, కాళ్ళ దగ్గర పెట్రోలు సీసా.

మొదటి లాఠీ మణికట్టు మీద పడింది. జాడీ మెట్టు మీద పగిలింది. అతను ఆ గాజు మీదే చెయ్యి ఆన్చి పడ్డాడు. రెండో దెబ్బ ఆ చేతి మీదే, మూడోదీ దాని మీదే. "కేకు జేసేటోణ్ణి సార్, కేకు!" అని అరుస్తున్నాడు. నేను అతని మీద పడుకున్నాను. నా వీపు మీద ఎన్ని పడ్డాయో తెలియదు, వారాల తరబడి వెల్లకిలా పడుకోలేకపోయాను. వాళ్ళు వెళ్ళాక చూస్తే కిస్మిస్‌లు, వేళ్ళు, గాజు, గులాబీ సేమ్యా అన్నీ ఒకే ఎరుపులో ఉన్నాయి. ఏది ఏదో చేత్తో తడిమితే గాని తెలియలేదు.

మూసారాంబాగ్ నుంచి మా సంఘం విశ్వాసులు ఇద్దరు, ఒకరు వరంగల్ మనిషి, ఒకరు ఏలూరు మనిషి, తోపుడు బండి మీద అతన్ని పడుకోబెట్టి దవాఖానకు తోసుకెళ్ళారు. ఆ ఏడు సంఘంలో కేకు లేదు. ఆరాధన మధ్యలో అయ్యగారు ఉత్త రొట్టె పంచితే రెండు గుంపులవాళ్ళూ ఒకే బల్ల దగ్గర తిన్నారు. గుంపును నవ్వించి ఆపిన దేవుడు ఆ లాఠీని ఎందుకు ఆపలేదని ప్రార్థనలో అడిగాను. ఇప్పటికీ అడుగుతాను. అడిగేది ఆయన్నే కాబట్టి అది అవిశ్వాసమని నేననుకోను.

కట్టు విప్పాక అతని వేళ్ళు రెండు వంగలేదు. కోన్ నొక్కితే చెయ్యి వణికేది, అక్షరం పురుగులా పాకేది. బేకరీ మూసేస్తాడనే అనుకున్నాం. కొన్నాళ్ళకు వచ్చి రంగు సేమ్యా బస్తాలు అడిగాడు.

"అన్ని ఏం చేస్తావు తమ్ముడూ?"

"కప్పుత."

ఎడమచేత్తో క్రీము మెత్తి, వంకరలు కనపడకుండా కేకు మీదా చుట్టూ పూర్తిగా సేమ్యా అద్దడం మొదలుపెట్టాడు. పేరు రాయడు. పుట్టినరోజు పిల్లలకు అది తెగ నచ్చింది. పక్క బేకరీవాళ్ళు చూసి పట్టుకున్నారు. ఏడాది తిరిగేసరికి చౌరస్తా చుట్టూ నిండా సేమ్యా కప్పిన కేకులే. సేమ్యా తయారుచేసే ముంబై కంపెనీ మనిషి మా కొట్టుకొచ్చి, ఈ వైపే ఇంత సేమ్యా ఎందుకు పోతోంది, ఈ ఫ్యాషన్ ఎక్కడ మొదలైంది అని అడిగాడు. తమ్ముడు అప్పుడు అక్కడే స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. నేను నోరు తెరిచేలోపే అతను కుడిచెయ్యి కండువా కింద పెట్టుకున్నాడు.

"ఫ్యాషనే సార్," అన్నాడు. "కట్టె ఫ్యాషన్."

అతనన్న కట్టె లాఠీ అని తెలియక ఆ మనిషి నా వైపు చూశాడు. తమ్ముడు లేచి, ఎడమచేత్తో పిడికెడు సేమ్యా తీసి, రంగు దిగుతుందేమోనని అరచేతిలో నలిపి చూసుకున్నాడు.