మూడు చుక్కల గుర్తు

మా ఆయనకి మరకంటే పగ. తనని తిట్టినవాణ్ణి మర్నాటికి మర్చిపోతారు గానీ, చొక్కా జేబు మీద సిరా కక్కించుకుని వచ్చినవాణ్ణి ఏడాదైనా గుర్తుపెట్టుకుంటారు. మాది లాండ్రీ కొట్టు. కింద కొట్టు, పైన రెండు గదుల ఇల్లు, మధ్యలో పద్నాలుగు మెట్లు. ముప్పై ఏళ్లుగా ఆయన లోకమంతా ఆ పద్నాలుగు మెట్లే.

మా కొట్లో ఒక్కో ఇంటికి ఒక్కో గుర్తు. కాలరు లోపలో, దుప్పటి మూలనో, చెరగని నల్ల సిరాతో పెడతారు. బ్యాంకావిడ ఇంటికి నిలువు గీత, టీచరమ్మ ఇంటికి ఇంటూ, మా ఇంటికి మూడు చుక్కలు. ఇంట్లో పదిమంది ఉన్నా అందరికీ ఒకటే గుర్తు. నేను కాపురానికి వచ్చిన రెండో రోజే నా బట్టలన్నీ ముందేసుకుని, మా పుట్టింటి చాకలి పెట్టిన సున్నా గుర్తు పక్కన వరసగా మూడు చుక్కలు పెట్టేశారు. ఆయన నాకు రాసిన ప్రేమలేఖ అదొక్కటే. అది కూడా దుప్పటి మూలన.

మాకు రెండు కుందేళ్లు ఉండేవి. తెల్లదాని పేరు దొరసాని. బూడిద రంగు వాడు పొద్దస్తమానం కాగితాలు నములుతూ ఉండేవాడు కాబట్టి వాడు గుమాస్తా. ఒకదాని నుదురు ఒకటి నాకుతూ, ఒకే ఆకుని చెరో కొస నుంచీ తింటూ ఐదేళ్లు గడిపాయి. ఒక సోమవారం పొద్దున గుమాస్తా లేవలేదు. వయసు మీద పడింది, ఎవరం ఏం చెయ్యగలం? మా ఆయన ఏడవలేదు. బోను, నీళ్ల గిన్నె, పరుపు, కింద పరిచే గుడ్డలు అన్నీ పట్టుకెళ్లి, వేడినీళ్లలో సోడా వేసి నాలుగు గంటలు ఉతికారు. ఆయన ఏడుపు అదేనని నాకు తెలుసు. అందుకే కదిలించలేదు.

మర్నాటి నుంచీ దొరసాని తిండి మానేసింది. బోనులో నాలుగు మూలలూ వాసన చూడటం, మళ్లీ వచ్చి గోడకేసి కూర్చోవడం. మా ఆయన ఆకు తెచ్చి నోటి దగ్గర పెడితే ఆయన మొహం చూసి రెండు ముక్కలు కొరికేది. నేను పెడితే అదీ లేదు. గంటకోసారి ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి పైకి పరిగెత్తేవారు. వారం తిరిగేసరికి దాని వెన్నెముక చేతికి తగులుతోంది.

పశువుల డాక్టరమ్మ చిన్న పిల్ల. నిక్కచ్చి మనిషి. దొరసాని కడుపు నొక్కి చూసి, "బాబాయిగారూ, కుందేలు ఒక్కరోజు పూర్తిగా తినకపోయినా ప్రాణం మీదికి వస్తుంది. మీ చేతి తిండితో ఎన్నాళ్లు లాక్కొస్తారు? దీనికి రోగం లేదు, తోడు లేదు. తోడు తీసుకురండి," అంది.

అదృష్టం చూడండి, ఆ వారమే టీచరమ్మ దుప్పట్లు ఇవ్వడానికి వచ్చి తన కష్టం చెప్పుకుంది. బదిలీ అయిందట, వెళ్లే చోట ఇంటివాళ్లు జంతువుల్ని ఒప్పుకోరట, తన మగ కుందేలుని ఏం చెయ్యాలో తోచట్లేదట.

"ఆపరేషన్ అయిపోయింది అక్కా, గొడవ చెయ్యడు. నెలాఖరు ఆదివారం నేను వెళ్లిపోతున్నా. అప్పటికి మీ దొరసానితో కలిస్తే మీకే వదిలేస్తా. కలవకపోతే మాత్రం నా తోటి టీచరు తీసుకెళ్తుంది, వాళ్లింట్లో కుందేళ్లున్నాయి. వాడు ఒంటరిగా ఉంటే నేను చూడలేను," అంది.

మూడు వారాల గడువు. మర్నాడే వాణ్ణి బుట్టలో పెట్టి తెచ్చింది. బుట్ట తెరిచేసరికి మా ఆయన మొహం మాడిపోయింది. కుందేలు తెల్లదే గానీ, ఎడమ కంటి నుంచి బుగ్గ దాకా అచ్చం టీ ఒలికినట్టు గోధుమ రంగు మచ్చ. టీచరమ్మ వాణ్ణి బంగారం అని పిలుస్తుంది. మా ఆయన మాత్రం ఆ క్షణం నుంచీ మరక అనే పిలిచారు.

డాక్టరమ్మ పద్ధతి చెప్పింది. రెండు బోనులూ జానెడు దూరంలో పక్కపక్కన పెట్టాలి. ఒకళ్లు పడుకున్న గుడ్డ రోజూ రెండోవాళ్ల బోనులో వెయ్యాలి. అలవాటు పడ్డాకే, ఇద్దరిదీ కాని చోట, మన కళ్ల ముందు కలపాలి. మా ఆయన అంతా బుద్ధిగా విన్నారు. దొరసాని గుడ్డలకి మూడు చుక్కలు, మరక గుడ్డలకి ఇంటూ పెట్టారు. ఎవరి గుడ్డ ఎవరిదో తెలియాలి కదా అన్నారు. ఆ రోజు నుంచీ పొద్దున్నే గుడ్డలు మార్చడం ఆయన వంతు, ఆకులు తరగడం నా వంతు.

పది రోజులైనా సఖ్యత లేదు. రెంటి మధ్యా పచ్చగడ్డి వేస్తే భగ్గుమనేది. సామెతకి కాదు, నిజంగానే వేసి చూశాను. పదకొండో రోజు మా ఆయన ఓపిక పట్టలేక స్నానాల గది కడిగి, అందులో రెంటినీ వదిలారు. నిమిషం గడవలేదు, గదంతా బొచ్చు ఎగిరింది. మధ్యలో చెయ్యి పెట్టి మోచేతి దాకా గీరించుకున్నారు. చొక్కా మీద రక్తం మరక.

"నేను ముందే చెప్పానా, తొందర పడొద్దని?" అన్నాను.

"గుడ్డలు మార్చమంటే మార్చాను. ఇంకేం చెయ్యమంటావు?" అని నా మీదే విసుక్కున్నారు. ఆయన పట్టిన కుందేలుకి ఎప్పుడూ మూడే కాళ్లు. ఆ సాయంత్రం దొరసాని ఆయన చేతిలోది కూడా ముట్టలేదు. నాకు భయం వేసింది. కుందేలు కోసం సగం, ఈ మనిషి కోసం సగం.

మర్నాడు డాక్టరమ్మే ఇంటికి వచ్చింది. దొరసానికి సూది మందు వేసి, గొట్టంతో గంజి లాంటిది పట్టించి, "గుడ్డలు మారుస్తున్నారా?" అని అడిగింది.

"రోజూ మారుస్తున్నాను డాక్టరమ్మా. కావాలంటే చూడండి," అంటూ మా ఆయన బీరువా తెరిచి గర్వంగా చూపించారు. ఇటు మూడు చుక్కల దొంతర, అటు ఇంటూ దొంతర. తెల్లగా, గంజి పెట్టి, అంచుకి అంచు కలిపి ఇస్త్రీ చేసినవి. డాక్టరమ్మ ఒకటి తీసి వాసన చూసింది. ఇంకోటి చూసింది.

"బాబాయిగారూ, ఇవి ఉతికారా?"

"అయ్యో, ఉతక్కుండా ఎలా ఇస్తాం అమ్మా? ఒకళ్లు పడుకున్న మురికి గుడ్డ ఇంకొకళ్లకి ఇస్తామా?"

ఆ పిల్ల అలాగే గోడకి ఆనుకుని నవ్వింది. కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకుంది. "గుడ్డ కోసం కాదండీ మార్చమంది, వాసన కోసం! వాడి వాసన దీనికి, దీని వాసన వాడికి అలవాటు కావాలి. మీరు పన్నెండు రోజులుగా రెంటికీ సబ్బుని పరిచయం చేశారు," అంది.

నేనూ నవ్వాను. ఇన్నాళ్లూ ఆ గుడ్డల్ని దండెం మీద చూస్తూ నాకైనా తట్టలేదేం అనుకుంటూ మరీ నవ్వాను. మా ఆయన నవ్వలేదు. చేతిలో గుడ్డ అలాగే పట్టుకుని నిలబడ్డారు.

"అయితే గుమాస్తా పోయిన రోజు నేను అన్నీ ఉతికేశాను డాక్టరమ్మా. పరుపూ, బోనూ, అన్నీ. ఇది మూలమూలలా వెతికింది వాడి వాసనేనా? నేనే లేకుండా చేశానా?"

నా నవ్వు ఆగిపోయింది. ముప్పై ఏళ్లలో ఆయన గొంతు అలా వణకడం నేను వినలేదు. ఆ క్షణాన ఆయన మీద నాకు పొంగుకొచ్చిన ప్రేమ ఎవరికి చెబితే నమ్ముతారు?

డాక్టరమ్మ కళ్లజోడు పెట్టుకుంది. "మీరు ఉతక్కపోయినా అది వెతికేదే. తెలిసి చేసింది కాదు కదా. ఇప్పుడు ఉతకడం మానండి, చాలు," అంది మెల్లగా.

చెప్పడం తేలిక. అలవాటు పడ్డ చేతులు ఊరుకుంటాయా? మరక పడుకున్న గుడ్డని రెండు వేళ్లతో పట్టుకుని, మొహం అటు తిప్పుకుని దొరసాని బోనులో వేశారు. రెండు రోజులకే కొట్లోంచి పైకి వచ్చి ఆ గుడ్డ వైపూ, నీళ్ల తొట్టి వైపూ మార్చి మార్చి చూస్తుంటే, ఇంట్లో సబ్బులన్నీ బీరువాలో పెట్టి తాళం వేశాను. దొరసాని మొదటి రోజు ఆ గుడ్డ మీద వెనక కాలితో దబదబా తన్నింది. మూడో రోజు దాన్ని కిందా మీదా చేసి మూలకి లాగింది. ఐదో రోజు దాని మీద పడుకుంది. ఆ పూట ఎవరూ పెట్టకుండానే ఒక ఆకు తింది.

గడువుకి ముందు రోజు, శనివారం మధ్యాహ్నం, మళ్లీ స్నానాల గది. ఈసారి తడి లేకుండా తుడిచి, కింద దుప్పటి పరిచాం. మా ఆయన తెల్ల చొక్కాతోనే మధ్యలో చతికిలబడ్డారు. నేను గుమ్మంలో కూర్చున్నాను, చేతిలో మందపాటి తువాలు. మళ్లీ కొట్లాడితే అడ్డం వెయ్యడానికి.

మరక ఒక చుట్టు తరిమాడు. దొరసాని తిరిగి ఒక చుట్టు తరిమింది. తర్వాత రెండూ ఆయనకి చెరో పక్కన కూలబడి రొప్పాయి. కింద కొట్లో ఎవరో "ఏమండీ, బట్టలు!" అని పిలిచారు. ముప్పై ఏళ్లలో మొదటిసారి ఆయన పలకలేదు.

అప్పుడు దొరసాని ఆయన ఒళ్లోంచి దాటి వెళ్లి, మరక ముందు తల నేలకి ఆనించింది. గుమాస్తా ముందు అలాగే పెట్టేది, నుదురు నాకమని. మరక ఆలోచించాడు. మగబుద్ధి, ఆలోచించకుండా ఏదీ ఇవ్వడు. ఆనక నాకడం మొదలుపెట్టాడు. నేను గుమ్మంలోంచే ఒక ఆకు జరిపాను. చెరో కొస నుంచీ తిన్నాయి.

మా ఆయన చొక్కా నిండా బొచ్చు, కాలి గుర్తులు. కళ్లు తుడుచుకున్నది కూడా ఆ చొక్కా చేతితోనే.

ఆదివారం పొద్దున టీచరమ్మ ఖాళీ బుట్ట పట్టుకుని వచ్చింది. గుమ్మంలోనే ఆగిపోయింది, లోపలికి వచ్చి అడగడానికి ధైర్యం చాలక. మా ఆయన వెళ్లి, రెండూ కలిసి పడుకున్న గుడ్డ తెచ్చి ఆవిడ చేతిలో పెట్టారు. నలిగి, మాసి, బొచ్చంటి ఉంది. మా కొట్టు చరిత్రలో ఖాతాదారు చేతికి అలాంటి గుడ్డ వెళ్లలేదు.

టీచరమ్మ దాని మూల తిప్పి చూసింది. ఎన్నో ఏళ్లుగా తన దుప్పట్ల మీద చూసుకున్న ఇంటూ అక్కడే ఉంది. దాని పక్కన, సిరా ఇంకా మెరుస్తూ, వరసగా మూడు చుక్కలు.

ఆవిడ ఖాళీ బుట్ట నా చేతికి ఇచ్చి, "ఇది కూడా మీ దగ్గరే ఉంచండి అక్కా," అంది.

ఆవిడ వెళ్లాక నేను లోపలికి వెళ్లి, నా పాత దుప్పటి తీసి, మూలనున్న సున్నానీ, దాని పక్కన మూడు చుక్కల్నీ కాసేపు చూసుకున్నాను.