సాక్ష్యం చివర సున్న

మా హైస్కూలు ప్రహరీకి వెల్ల వేయించాలని నిన్న పొద్దున ఆవరణలో డ్రమ్ము పెట్టారు. ఈ రోజుల్లో డబ్బాల్లో వచ్చే రంగులే గాని సున్నం ఎవరు వేస్తున్నారు? తనిఖీ వస్తోంది, నిధులు రాలేదు, అందుకని సున్నం వచ్చింది. మేస్త్రీ గడ్డలు నీళ్ళలో వేయగానే డ్రమ్ము బుసకొట్టి కుతకుతా ఉడకడం మొదలుపెట్టింది. ఆ ఆవిరి ఎనిమిదో తరగతి కిటికీలోంచి లోపలికి వచ్చేసరికి నేను బోర్డు మీద అనుస్వారానికి ఉదాహరణలు రాస్తున్నాను. చెయ్యి అక్కడే ఆగిపోయింది. టీచరుకు ఘాటు పడలేదని పిల్లలు అనుకున్నారు. నాకు మాత్రం చనిపోయిన యేసుపాదం మాస్టారు నరసరావుపేట దాకా నడిచొచ్చి, తలుపు దగ్గర నిలబడి, లోపలికి రానా అని అడిగినట్టు అయింది.

ఆ ముందు రోజే మా ఊరి పాస్టరు ఫోను చేశాడు. మా ఊరు దాచేపల్లి దగ్గర, సున్నపు బట్టీల మధ్య ఉంటుంది. మందిరం కట్టి యాభై ఏళ్ళయిందని చిన్న పుస్తకం వేస్తున్నారట. "అక్కా, మాస్టారి గురించి మీరే రాయాల. ఆయన కాడ చదువుకున్నోళ్ళలో తెలుగు టీచరు అయింది మీరొక్కరే గదా. ఒక్క పేజీ చాలు" అన్నాడు. కాసేపు ఆగి, గొంతు తగ్గించి, "ఆ కోర్టు సంగతి మాత్రం ఇప్పుడెందుకులే అక్కా. పిల్లకాయలు చదువుతారు" అన్నాడు. కుర్రవాడు, మంచివాడు. కాని ఆ సంగతి వదిలేస్తే నా పేజీ నిండదు. రాస్తే ఆ పుస్తకంలో నా పేజీ ఉండదు. దాచేపల్లి పక్కన పుట్టినవాళ్ళం, పేరులోనే దాచడం ఉంది మాకు.

మాస్టారు అంటే బడిపంతులు కాదు. బట్టీలో సున్నం దించే కూలీ. ఆదివారం పూట మందిరంలో పిల్లలకు వాక్యం చెప్పేవారు కనుక మాస్టారు. సోమవారం నుంచి శనివారం దాకా ఆయన కనురెప్పలు కూడా తెల్లగా ఉండేవి. ఆదివారం పొద్దున తలంటుకుని, నూనె రాసుకుని, నల్లగా నిగనిగలాడుతూ వచ్చేవారు. "మాస్టారన్న ఆరు దినాలు దొర, ఏడో దినం మనోడు" అని మా అమ్మ మార్తమ్మ నవ్వేది. ఆయనకు అది విన్నప్పుడల్లా కొత్తగానే ఉండేది. మా నాన్న దావీదు, ఆయన ఒకే బట్టీలో పదిహేనేళ్ళు పక్కపక్కన పనిచేశారు. నాన్నకు చదువు రాదు. పాటలన్నీ మాస్టారి నోటి నుంచి విని, తప్పులతో సహా నేర్చుకున్నాడు.

మాకు అక్షరాలు కూడా ఆయనే దిద్దించారు. మందిరంలో పరిచిన నాపరాళ్ళ మీద సుద్దముక్కతో పెద్దగా రాసేవారు. ఒకరోజు సత్యం, సాక్ష్యం, విశ్వాసం అని మూడు మాటలు రాసి, "చివర ఏముందే?" అని అడిగారు.

"సున్న, మాస్టారూ."

"అన్నిటికీ సున్నేనా? మరి ఏం మిగిలిందే మనకి?" మేము బిత్తరపోయి చూశాం. ఆయన ఆ సున్న ముందు ఒకటి వేశారు. "ఇప్పుడెంత?"

"పది!"

"అదీ. మన సాక్ష్యం వట్టి సున్న. ముందు ప్రభువు నిలబడితేనే దానికి లెక్క." ఆ పూట నేను ఇంటికెళ్ళి సున్నం అన్న మాటలోనూ సున్న ఉందని కనిపెట్టి, నాన్నకు చెప్పి గొప్పగా తిరిగాను. నా పాండిత్యం అప్పటికీ ఇప్పటికీ అంత దూరమే నడిచింది.

పేతురు పాఠం చెప్పిన ఆదివారం కూడా నాకు బాగా గుర్తు. యేసు ప్రభువును పట్టుకుపోయాక ఆయన శిష్యుడు పేతురు ప్రధాన యాజకుడి పెరట్లో చలిమంట దగ్గర కూర్చుని, ఆయనెవరో నాకు తెలియదని కోడి కూసేలోపు మూడుసార్లు బొంకిన కథ. మాస్టారు బొంకిన మాటలు చెప్పేటప్పుడు గొంతు మార్చేవారు, కోడి కూత కూడా ఆయనే కూసేవారు. అందరం నవ్వాం. నవ్వు ఆగాక నేను అడిగాను. "మరి అట్టాంటోడు చెప్పింది మనం ఎట్టా నమ్మేది మాస్టారూ?"

ఆయన సంబరపడిపోయారు. ప్రశ్న అడిగిన పిల్లను చూస్తే ఆయనకు పండగ. "ఇనండే. ఆ మంట కాడ మనోళ్ళు ఎవురున్నారు? ఎవురూ లేరు. అందరూ పారిపోయారు. మరి అది మనకెట్టా తెలిసింది?"

జవాబు కూడా ఆయనే అందుకున్నారు.

"వాడే చెప్పుంటాడే! దాచుకుంటే దాగేదే. దాచలా. తన సిగ్గు తానే చెప్పుకున్నోడు మిగతాది అబద్ధం చెప్తాడా? అందుకని నమ్మాల." ఆ మాట నాకు ఎంత నచ్చిందంటే, ఇంటికెళ్ళి అమ్మ డబ్బాలోంచి బెల్లం తీసింది నేనేనని చెప్పేశాను. దెబ్బలు తిన్నాను. సత్యం విడిపిస్తుందో లేదో గాని ముందు వీపు మోగుతుందని అప్పుడు తెలిసింది.

నాకు పన్నెండేళ్ళప్పుడు బట్టీ గోడ కూలింది. నాన్న లోపల ఉన్నాడు. కాలిన సున్నం కింద నుంచి ఆయనను ఉత్త చేతులతో తవ్వి బయటికి లాగింది మాస్టారే. గుంటూరు తీసుకుపోతుంటే నాన్న దారిలోనే పోయాడు. గోడ బీటలిచ్చిందని నాన్న, మాస్టారు ఇద్దరూ వారం ముందే చెప్పారని, యజమాని పట్టించుకోలేదని ఊరందరికీ తెలుసు. కేసు గురజాల కోర్టుకు వెళ్ళింది. యజమాని వాదన ఒక్కటే. దావీదు అనేవాడు మా పనివాడు కాదు, ఎందుకో లోపలికి దూరాడు, గోడ మీద పడింది. ఆ పూట నాన్నతో బట్టీ దగ్గర ఉన్నది మాస్టారు ఒక్కరే కనుక, కాదని చెప్పగలిగిన సాక్షీ ఆయనే.

అమ్మ, నేను ముందు బల్ల మీద కూర్చున్నాం. మాస్టారు ఆదివారం చొక్కా వేసుకొచ్చారు. చేతులకు కాలిన మచ్చలు ఇంకా ఎర్రగా ఉన్నాయి. మావైపు వకీలు అడిగాడు. "దావీదు నీతో పాటు బట్టీలో పనిచేసేవాడా?"

"మా ఊరోడేనయ్యా. బట్టీలో చేసేదీ లేందీ నాకు తెలవదు."

"గోడ కూలినప్పుడు నువ్వు అక్కడే ఉన్నావు కదా?"

"నేనాడ లేనయ్యా."

"మరి ఆ చేతులేంటి?"

మాస్టారు తన చేతుల్ని ఎవరివో అన్నట్టు చూసుకున్నారు. "పొయ్యి కాడ కాలినయ్యయ్యా."

ఆయన బొంకింది మూడుసార్లో, నాలుగుసార్లో నాకు ఖచ్చితంగా గుర్తులేదు. మూడని రాస్తే కథ చక్కగా కుదురుతుంది, కనుక ఆ అంకె మీద నాకే అనుమానం. కోడి మాత్రం కూయలేదు. మధ్యాహ్నం, కోర్టు బయట సోడా బండివాడు సీసాలు మోగిస్తున్నాడు. కేసు పోయింది. మాస్టారి ఇల్లు యజమాని స్థలంలో ఉందని, ఆ ఇంట్లో ఆయన భార్య మంచం పట్టి ఉందని తర్వాత తెలిసింది. తెలిసినా నాన్న తిరిగి రాలేదు. ఆ పూట పాదం జారిన యేసుపాదం గారు ఆ ఇంట్లోనే చివరిదాకా ఉన్నారు.

తర్వాతి ఆదివారం నేను మందిరానికి వెళ్ళనన్నాను. "ఆయన చెప్పేది నేనినను."

అమ్మ నా జడ వేస్తోంది. జడ లాగి పట్టుకుంది. "ఆయన చెప్పేది ఆయన సొంతమా ఏందే? పో."

"నువ్వు మాట్లాడతావా ఆయనతో?"

"నా సంగతి నీకెందుకు? పొమ్మంటే పో." అమ్మ ఆ తర్వాత చనిపోయేదాకా మాస్టారితో ఒక్క మాట మాట్లాడలేదు. నన్ను పంపించడం ఒక్క ఆదివారం కూడా మానలేదు. ఈ రెండూ ఒకే మనిషి ఎలా చేసిందో నాకు ఇప్పటికీ అంతుపట్టదు.

మాస్టారు పాఠాలు చెప్పడం మానలేదు. కాని ఏడాది తిరిగి సిలువ పాఠాలు వచ్చినప్పుడు ఆయన చివరి భోజనం చెప్పి, తోటలో ప్రభువును పట్టుకోవడం చెప్పి, తిన్నగా సిలువ దగ్గరికి వెళ్ళిపోయారు. చలిమంట లేదు, కోడి లేదు. మరుసటి ఏడాదీ అంతే. ఆ కథలో పేతురు భోజనానికి కూర్చుని, చివర్లో ఖాళీ సమాధి దగ్గర లేచేవాడు. మధ్యలో ఎక్కడికి వెళ్ళాడో ఎవరూ అడగలేదు. ప్రశ్నలడిగే పిల్లను నేనే. నేనూ అడగలేదు.

అమ్మ పోయిన ఏడాదికి మాస్టారు మంచం పట్టారని విని చూడటానికి వెళ్ళాను. ఊపిరితిత్తుల నిండా సున్నం. మాటకు మాటకు మధ్య ఈల వేసినట్టు శబ్దం. కాసేపటికి ఆయనే అన్నారు. "పేతురు పాఠం మీకు ఒక్కసారే చెప్పా గదా పాపా."

"ఒక్కసారే, మాస్టారూ."

"దాటేత్తన్నానని కనిపెట్టావా?"

"అందరం కనిపెట్టాం."

ఆయన నవ్వబోయి దగ్గారు. "అందరికీ తెలిసిందాన్ని దాయటానికి నా బతుకంతా పోయిందే." ఊపిరి అందాక మళ్ళీ మొదలుపెట్టారు. "ప్రభువు తిరిగి లేచినాక ఒడ్డున చేపలు కాల్చిపెట్టి, పేతుర్ని మళ్ళా పిలిచి పని అప్పజెప్పాడంట గదా. అది ఎవురు చెప్పారు మనకి?"

"అక్కడ ఇంకా కొందరున్నారు గదా."

"ఉన్నారు. వాళ్ళూ పారిపోయినోళ్ళే. బొంకినోడొకడు, ఉరికినోళ్ళు మిగతావోళ్ళు. మమ్మల్ని చమించాడని వాళ్ళే వచ్చి చెప్పారు. అబద్ధం ఎట్టా ఉంటదో నాకు తెలుసే. ఆడినోడికి అది నిజం మాదిరే ఉంటది. నాబోటోడు వచ్చి చెప్తే నేను నమ్మను. మరి వాడి మాట ఎట్టా నమ్మేది?"

"మీరే చెప్పారు గదా మాస్టారూ. తన సిగ్గు తానే చెప్పుకున్నోణ్ణి నమ్మొచ్చని."

"వాడు చెప్పుకున్నాడు." చేతులు దుప్పటి కిందికి లాక్కున్నారు. "నేను చెప్పుకోలా."

అప్పుడాయన, గోడవైపు తిరిగి, చాలా మామూలుగా అడిగారు. "మీ అమ్మ పోయేముందు నా మాటేమన్నా ఎత్తిందా?"

"ఎత్తింది మాస్టారూ. అన్న మీద నాకేం లేదు అంది."

ఆయన ఇటు తిరిగి నా మొహంలోకి చూశారు. సాక్షి చెప్పేది నిజమో కాదో ఆయన కంటే ఎక్కువ తెలిసినవాళ్ళు గురజాల కోర్టులో కూడా ఉండరు. "నువ్వు కూడా నాకు సాక్షివేనే" అన్నారు. పొగిడారో తిట్టారో తేలకుండానే, నాలుగు రోజులకు పోయారు.

అమ్మ ఆ మాట అనలేదు. ఆయన పేరే ఎత్తలేదు. ఇది నేను ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

నాకు దేవుడి గురించి తెలిసిందంతా ఒక అబద్ధసాక్షి నోటి నుంచి విన్నది. ఆయనకు తెలిసింది అంతకంటే పాత అబద్ధసాక్షుల నుంచి వచ్చింది. చివరికి ఆయన ఏదైనా క్షమాపణ పట్టుకుని పోయారంటే అది నేను కల్పించింది. ఒకటి వేయాల్సిన చోటు ఖాళీగా ఉంది, సున్నలు మాత్రం వరసగా ఉన్నాయి. ఇప్పటి నా విశ్వాసం అరసున్న లాంటిది, పాత పుస్తకాల్లో కనిపిస్తుంది గాని ఎవరూ పలకరు. అయినా కష్టం వచ్చినప్పుడు కళ్ళు మూసుకుంటే నోటికి వచ్చే ప్రార్థన ఆయన యాసలోనే వస్తుంది. వేరే భాషలో దేవుణ్ణి పిలవడం నాకు రాదు. మాస్టారి పిలుపు నిజమో కాదో తెలియదు. అమ్మ చెప్పినట్టు అది ఆయన సొంతం కాకపోతే బాగుండును.

ఈ కాగితాలు పాస్టరుకు పంపిస్తున్నాను. ఒక పేజీ దాటింది. వేస్తాడనుకోను.

నిన్న కిటికీ మూసి మళ్ళీ బోర్డు దగ్గరికి వస్తే, ముందు బెంచీలో పిల్ల లేచి నిలబడింది. "టీచర్, మీరు సాక్ష్య అని రాసి వదిలేశారు. సున్న పెట్టలా."

పెట్టాను. గుండ్రంగా రాలేదు.