పెద్దబాపు చెప్పబోయిన ముచ్చట

పోయిన వారం క్లాసులో ఉండగా బాపు ఫోన్ చేశాడు. "పెద్దబాపు పోయిండే. పొద్దుగాల లేపితే లెవ్వలే," అన్నాడు. కేతేపల్లి దగ్గరి మా ఊళ్లో బతుకంతా మగ్గం నేసిన మా పెద్దబాపు, అంటే బాపుకు అన్న, మీకెవరికీ తెలిసి ఉండడు. నేను ఇవాళ సైకాలజీ ఎమ్మెస్సీ చదువుతున్నానంటే మాత్రం ఆయనే కారణం.

డిగ్రీలో నేను చదివింది గణితం. బీఈడీ చేసి టీచర్‌నవ్వాలని బాపు కోరిక. సైకాలజీలో సీటొచ్చిందని చెప్పిన రోజు ఆయన అన్నం ముందునుంచి లేచాడు.

"ఇన్నేండ్లు లెక్కలు సదివి, పిచ్చోళ్ల సదువుకు పోతవా?"

పెద్దబాపు మగ్గం ఆపకుండానే నవ్వాడు. "పోనియ్‌రా. ఇంట్ల నువ్వున్నవు, నేనున్న. పిల్లకు పని కొదువనా?"

బాపుకు కూడా నవ్వొచ్చింది. నవ్వాక కాదనలేకపోయాడు.

తీరా చేరాక చూస్తే, తోటివాళ్లంతా మూడేళ్లు అదే చదివి వచ్చినవాళ్లు. నా డిగ్రీ దండగైందని ఒక ఆదివారం పెద్దబాపు దగ్గర ఏడ్చాను. అప్పుడాయన మగ్గం మీద కొత్త పడుగు, అంటే నిలువు పోగుల వరస, అతుకుతున్నాడు. అయిపోయిన పడుగు కొసలను తీసేయకుండా, వేళ్లకు బూడిద అద్దుకుని, ఒక్కో పాత పోగుకు ఒక్కో కొత్త పోగును మెలిపెడుతున్నాడు.

"గీ పాతయి పీకేస్తే మొత్తం మొదటికెళ్లి ఎక్కియ్యాలె. నీ లెక్కలు యాడికి పోతయే? గవే పట్టుకొని గుంజుకపో."

ఆ సెమిస్టర్‌లో స్టాటిస్టిక్స్ మా క్లాసుకంతా నేనే చెప్పాను.

ఇంటికెళ్లినప్పుడల్లా "గీపాలి ఏం మాట తెచ్చినవ్?" అని అడిగేవాడు. ఉద్వేగం, అవధానం అని నేను గొప్పగా చెబితే, బెల్లంముక్క చప్పరించినట్టు ఆ మాటను మెల్లగా పలికి చూసుకునేవాడు. నా మాటలన్నీ ఆయన అలా విన్నాడు.

మొన్నటి సెలవులో వృద్ధుల ఒంటరితనం మీద ప్రశ్నావళి నింపుకుని రమ్మన్నారు. ఆయన ముందు కాగితాలు పెట్టుకుని కూర్చున్నాను.

"ఒంటరిగా అనిపిస్తదా, పెద్దబాపూ?"

"మీ పెద్దమ్మ పోయినంక మగ్గం చప్పుడు ఎక్కువైంది, బిడ్డా."

"గట్ల గాదు. ఎప్పుడూ, అప్పుడప్పుడు, ఎన్నడూ లేదు. మూడిట్ల ఒకటి చెప్పాలె."

"నీకేది మంచిగుంటె గది రాస్కో."

'అప్పుడప్పుడు' దగ్గర టిక్కు పెట్టాను. ఆ ప్రాజెక్టుకు మా క్లాసులో అందరికంటే ఎక్కువ మార్కులు నాకే వచ్చాయి.

కాగితాలు సర్దుతుంటే ఆయన కాళ్లు దించుకుని కూర్చునే మగ్గం గుంత అంచున కొద్దిగా పక్కకు జరిగి, చేత్తో జాగా తుడిచాడు. "గవి లోపల పెట్టి జర సేపు కూసో. నీకొక ముచ్చట చెప్త."

"బస్సు పోతది, పెద్దబాపూ. మళ్లొచ్చినప్పుడు వింట."

"గట్లనే పో. పైలం."

వాకిలి దాటి వెనక్కి చూశాను. ఆయన మళ్లీ నేత మొదలుపెట్టలేదు. మధ్యలోకీ జరగలేదు. తుడిచిన జాగా పక్కన, అంచుకు ఒదిగి అలాగే కూర్చుని ఉన్నాడు.